బంటూ భాషల్లో టోన్ పట్టుకోవడం ఎలాగ, మన తెలుగు చెవితో

కాంగో, జాంబియా, టాంజానియా వైపు ఉద్యోగానికెళ్తున్నోళ్లు, ఆంధ్రా యూనివర్సిటీలో చదివే ఆఫ్రికా కుర్రోళ్లతో స్నేహం కుదిరినోళ్లు, ఊరికే భాషల పిచ్చి ఉన్నోళ్లు, ఎవరైనా సరే, బంటూ భాష ఒకటి నేర్చుకుందామని కూర్చుంటే మొదట కాలికి తగిలే రాయి టోన్, అంటే గొంతు ఎత్తితే ఒక మాట, దించితే ఇంకో మాట అయిపోవడం. పుస్తకంలో ఉండదు, రాతలో ఉండదు, మాట్లాడేవాణ్ణి అడిగితే "మామూలుగానే అన్నాను కదా" అంటాడు. యూట్యూబ్‌లో చైనీస్ టోన్ల వీడియోలు చూసొచ్చినోళ్లకి ఇంకా కష్టం, ఎందుకంటే అక్కడ ఒక్కో అక్షరానికి ఒక్కో టోన్ అతికించినట్టుంటుంది, పదం నేర్చుకుంటే టోనూ వచ్చేసినట్టే. బంటూలో అలగ కాదు. ఇక్కడ టోన్ ఒక చోట పుట్టి ఇంకో చోట వినిపిస్తుంది, ఒక్కోసారి సాగుతుంది, పక్కనున్నదాన్ని చూసి మాయమైపోతుంది. ఈ కదలిక పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే, మిగతాదంతా చెవికి అలవాటు చేసుకోవడమే.

ముందు కొంచెం భూగోళం. బంటూ అంటే ఒక భాష కాదు, సుమారు 500 భాషల కుటుంబం, కామెరూన్ నుంచి దక్షిణాఫ్రికా దాకా పరుచుకుని ఉంది. జులు, షోనా, లింగాల, చిచేవా, సెత్స్వానా, లుగాండా, కికుయు, కిన్యార్వాండా అన్నీ ఇందులోవే. వీటిలో ఎక్కువ భాషలకి టోన్ ఉంది, అది కూడా చాలావాటిలో రెండే రెండు మెట్లు, హై అంటే గొంతు పైన, లో అంటే గొంతు కింద. అందరికీ తెలిసిన స్వాహిలీకి మాత్రం టోన్ లేదు, చివరి నుంచి రెండో అక్షరం మీద కాస్త ఒత్తు పెడితే చాలు. కాబట్టి మీరెళ్లేది దార్ ఎస్ సలామ్‌కి, నేర్చుకునేది స్వాహిలీ అయితే ఇదంతా మీకక్కర్లేదు, హాయిగా వేరే పని చూస్కోండి.

ఇప్పుడు మన చెవి సంగతి. మన సిక్కోలు యాసలో రాగం ఎంతుందో వేరేవాళ్లనడిగితే తెలుస్తుంది, "ఏటీ, వచ్చీసినావేటి?" అని చివర లాగి అంటే బెజవాడోళ్లు నవ్వుతారు. ఆ లాగుడుతో ప్రశ్న చెయ్యొచ్చు, వెటకారం చెయ్యొచ్చు, కోపం చూపించొచ్చు. కానీ ఎంత లాగినా "వచ్చీసినావు" అన్న మాట "పడిపోయావు" అయిపోదు కదా. అది వాక్యానికి పట్టే రాగం. టోన్ అంటే పదం లోపలికే దూరిపోయిన రాగం, అది మారితే పదమే మారిపోద్ది. ఇందులో మనకి అసలు అనుభవమే లేదంటే అదీ నిజం కాదు. వృత్రాసురుడి కథ వినే ఉంటారు. ఇంద్రుడి మీద కోపంతో త్వష్ట హోమం చేస్తూ "ఇంద్రశత్రు" అన్న మాటకి స్వరం తప్పు పెట్టాడు. ఉదాత్తం, అంటే గొంతెత్తి పలికే స్వరం, చివర పడితే ఇంద్రుణ్ణి చంపేవాడు, మొదట పడితే ఇంద్రుడి చేతిలో చచ్చేవాడు. అక్షరాలు అవే, స్వరం మారింది, పుట్టినవాడు ఇంద్రుడి చేతిలోనే పోయాడు. వేదం చెప్పుకునే ఇళ్లల్లో ఈ కథ చిన్నప్పుడే చెప్తారు. బంటూ భాషల్లో ఇది యజ్ఞాల్లో కాదు, బజార్లో రోజూ జరిగే వ్యవహారం.

లింగాల తీసుకుందాం, కాంగోలో కిన్షాసా వైపు మాట్లాడేది, పాటల వల్ల ఆఫ్రికా అంతా వినిపించేది. ఇక్కణ్ణుంచి హై ఉన్న అక్షరం తర్వాత ↑ పెడుతున్నా, గుర్తు లేకపోతే లో అనుకోండి. కొకొమ అంటే రాయడం, కొకొ↑మ అంటే చేరుకోవడం. మొతొ అంటే మనిషి, మొతొ↑ అంటే తల. రాసేటప్పుడు మామూలు జనం ఈ గుర్తులేం పెట్టరు, చదివేవాడు సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటాడు. అందుకే డిక్షనరీ కొనేముందు లోపల ఒక పేజీ తెరిచి చూడండి, టోన్ గుర్తులు లేని డిక్షనరీ మాట్లాడ్డానికి పనికిరాదు.

ఇక్కడ మనోళ్లు అందరూ పడే గొయ్యి ఒకటుంది, దీని మీద కాస్త ఎక్కువ సేపు ఉంటాను. తెలుగులో హ్రస్వం దీర్ఘం తేడా మనకి పుట్టుకతో వచ్చింది, గొంతు పైకీ కిందకీ పోవడం మాత్రం పదానికి సంబంధం లేనిదని మన బుర్ర ఎప్పుడో తేల్చేసుకుంది. అందుకని హై టోన్ వినగానే బుర్ర దాన్ని తనకి తెలిసిన దీర్ఘంగా మార్చేస్తుంది. కొకొ↑మ వినిపిస్తే కొకోమ అని రాసేసుకుంటాం, తర్వాత అలాగే పలుకుతాం, అవతలివాడు బుర్ర గోక్కుంటాడు. ఇంకో చిక్కేంటంటే తూర్పు, దక్షిణ బంటూ భాషలు చాలావాటిలో వాక్యం చివర, చివరి నుంచి రెండో అచ్చు దానంతటదే సాగుతుంది, జులులో చిచేవాలో ఇది బాగా వినిపిస్తుంది. అంటే అక్కడ నిజంగానే పొడుగుంటుంది, కానీ టోన్ హై అవ్వొచ్చు, లో కూడా అవ్వొచ్చు. లుగాండాలో అయితే మనలాగే హ్రస్వ దీర్ఘాల తేడా ఉంది, దాని మీద టోన్ వేరేగా ఉంది. కాబట్టి నోట్‌బుక్‌లో మొదటి రోజు నుంచే రెండు వరుసలు పెట్టుకోండి, ఒక దాంట్లో పొడుగు, ఇంకో దాంట్లో ఎత్తు. రెండూ కలిపి రాయొద్దు.

వినడం ఎలాగంటే. ఆ భాష మాట్లాడే ఫ్రెండ్‌ని ఒక్క పదం విడిగా అడగొద్దు. విడిగా పలికిన పదానికి చివర గొంతు ఎలాగూ కిందకి జారుతుంది, అది టోనా, వాక్యం ముగింపా తెలియదు. ఒక చిన్న వాక్యం ఫ్రేమ్ లాగ పెట్టుకోండి, "నేను ఫలానా చూశాను నిన్న" లాంటిది, పదం మధ్యలో పడేటట్టు. వాక్యంలో మిగతాదంతా మార్చకుండా ఆ ఒక్క పదం మారుస్తూ చెప్పించండి. అప్పుడు పక్క పదాలు కొలబద్దలాగ పనిచేస్తాయి, వాటికంటే పైన ఉందా కింద ఉందా అని మాత్రమే చూస్కోవాలి. అలాగే ఫ్రెండ్‌ని ఆ మాటని ఈల వెయ్యమనండి, లేదా నోరు మూసుకుని మ్మ్ మ్మ్ అనమనండి. హల్లులూ అచ్చులూ పోయి గొంతు ఎత్తు ఒక్కటే మిగుల్తుంది. భాషల సర్వేలు చేసేవాళ్లు ఎప్పట్నుంచో వాడే కిటుకిది, మొదట్లో సిగ్గుపడతారు గాని ఒకసారి మొదలెట్టాక వాళ్లే నవ్వుతూ వేస్తారు. సంగీతం వచ్చిన మనిషి పక్కనుంటే ఇంకా మంచిది, విజయనగరంలో అలాంటోళ్లకి కరువేంటి, 1919 నుంచి సంగీత కళాశాల నడుస్తున్న ఊరు. కాకపోతే వాళ్లకి ముందే చెప్పండి, ఇక్కడ సరిగమలు వెతకొద్దు, ఈ అక్షరం పక్కదానికంటే పైనా కిందా అన్నది ఒక్కటే కావాలని.

చెవి మీద నమ్మకం లేకపోతే ప్రాట్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, ఫ్రీ, ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీలో పాల్ బూర్స్మా, డేవిడ్ వేనింక్ తయారుచేశారు. పాత లాప్‌టాప్‌లో కూడా పరిగెడుతుంది. ఆడియో తెరిచి పిచ్ చూపించమంటే గొంతు ఎత్తు ఒక గీతలాగ గీసి పెడుతుంది. మగ గొంతైతే పిచ్ రేంజ్ 75 నుంచి 300 హెర్ట్జ్, ఆడ గొంతైతే 100 నుంచి 500 పెట్టండి, లేకపోతే గీత ఉన్నట్టుండి పైకీ కిందకీ గెంతుతుంది. క, త, ప, స లాంటి హల్లుల దగ్గర గీత తెగిపోతుంది, కంగారుపడొద్దు, అక్కడ గొంతు మోగదు కాబట్టి చూపించడానికి ఏమీ ఉండదు. అందుకే మొదటి రికార్డింగులకి మ, న, ల ఎక్కువున్న పదాలు ఎంచుకోండి. రికార్డింగ్ వేవ్ ఫైల్ అయితే మేలు. ఫ్యాన్ ఆపండి, ఎండాకాలం అయినా సరే.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం, టోన్ కదలడం. టాంజానియాలో జిగులా అని ఒక భాష ఉంది, నా దృష్టిలో బంటూ టోన్ నేర్పడానికి దీనికి మించింది లేదు. అందులో కొన్ని క్రియలకి టోన్ ఉంటుంది, కొన్నిటికి అసలుండదు. కుడమన్య అంటే చెయ్యడం, హై ఎక్కడా లేదు, చదునుగా పోతుంది. అడగడం అన్న క్రియకి హై ఉంది. కానీ చూడండి, కులొంబె↑జ అంటే అడగడం, కులొంబెజె↑జ అంటే ఒకరి కోసం అడగడం, కులొంబెజెజ↑న అంటే ఒకరికోసం ఒకరు అడగడం. ధాతువు "లొంబెజ్", హై దాని సొంతం. కానీ వెనక ప్రత్యయాలు చేరేకొద్దీ హై కూడా పదం చివరి వైపు జరిగిపోతూ, ఎప్పుడూ చివరి నుంచి రెండో అక్షరం మీదే తేలుతుంది. దీన్ని మన ఆర్టీసీ బస్సులో ప్రయాణికుడిలాగ ఊహించుకోండి. రణస్థలంలో ఎక్కాడు, టికెట్టు అక్కడిదే, కానీ దిగేది మాత్రం ఎప్పుడూ ఆఖరి స్టాప్‌కి ముందు స్టాప్‌లో. బస్సు శ్రీకాకుళం దాకే అయితే ఎచ్చెర్లలో దిగుతాడు, నరసన్నపేట దాకా పొడిగిస్తే శ్రీకాకుళంలో దిగుతాడు. దిగిన చోటు చూసి ఈయనది ఎచ్చెర్ల అనుకుంటే తప్పు, ఎక్కిన చోటు అడగాలి. జులులో కూడా ఇదే బండి, కాకపోతే అక్కడ ఇంకో స్టాప్ ముందు దిగుతాడు, చివరి నుంచి మూడో అక్షరం దగ్గర. ఉకు↑హ్లెక అంటే నవ్వడం, ఉకుహ్లె↑కిస అంటే నవ్వించడం, ఉకుహ్లెకి↑సన అంటే ఒకర్నొకరు నవ్వించుకోవడం, ఇక్కడ హై ఎక్కింది మొట్టమొదటి ఉ దగ్గర.

వేదం వినే అలవాటున్నోళ్లకి ఇది మరీ వింతగా అనిపించకూడదు, ఋగ్వేదం చదివే పద్ధతిలో ఉదాత్తం ఉన్న అక్షరం కంటే దాని తర్వాత వచ్చే స్వరితం దగ్గరే గొంతు ఎక్కువ పైకెళ్తుంది కదా.

జిగులాలో దీనికి ఇంకో మెలిక ఉంది, ఇది వినగానే నాకైతే మతిపోయింది. నడమన్య అంటే నేను చేస్తున్నాను, హై లేదు. అడమ↑న్య అంటే అతను చేస్తున్నాడు, హై వచ్చింది. క్రియ అదే, దానికి సొంత టోన్ లేదు. మరి ఎక్కణ్ణుంచొచ్చింది? "అతను" అని చెప్పే మొదటి అ తెచ్చింది. ఆ ముక్కకి హై ఉంది, అది కూడా బస్సెక్కి ఆఖరి స్టాప్‌కి ముందు స్టాప్‌దాకా పోయి దిగింది. అంటే ఎవరు చేస్తున్నారన్న సమాచారం పదం మొదట్లో ఉంటే, దాని చప్పుడు పదం చివర వినిపిస్తుంది. చాలా బంటూ భాషల్లో నేను, నువ్వు అని చెప్పే ముక్కలకి లో, అతను ఆమె అని చెప్పే ముక్కకి హై ఉంటుంది. సెత్స్వానాలో అయితే రెండూ ఒకే అక్షరం, ఒ అంటే నువ్వు, ఒ↑ అంటే అతను లేదా ఆమె. టోన్ పట్టకపోతే ఎదుటివాణ్ణి అంటున్నారో పక్కవాణ్ణి అంటున్నారో కూడా తెలియదు, తగువులైపోవూ మరి.

కాబట్టి పని చేసే పద్ధతి ఇలగ ఉండాలి. ఏ క్రియ తీసుకున్నా దాన్ని పొట్టిగా, ప్రత్యయం ఒకటి చేర్చి, రెండు చేర్చి, వరసగా చెప్పించండి. నేను, నువ్వు, అతను మూడింటితో చెప్పించండి. హై చివరి నుంచి లెక్కపెడితే ఒకే దూరంలో ఉంటే జరుగుతోందని అర్థం, మొదటి నుంచి లెక్కపెడితే ఒకే చోట ఉంటే నిలబడిందని అర్థం, రెండు మూడు అక్షరాల మీద వరసగా ఉంటే సాగిందని అర్థం. ఈ పట్టిక ఒక పేపర్ మీద వేసుకుంటే ఆ భాష గుట్టు మూడొంతులు బయటపడుతుంది, ఇది లేకుండా వెయ్యి పదాలు బట్టీ పట్టినా ఉపయోగం లేదు.

సాగడం గురించి షోనాది చెప్పి తీరాలి, జింబాబ్వే భాష. హొ↑వె↑ అంటే చేప, రెండూ హై. దాని ముందు నె↑ అని చేరిస్తే "చేపతో" అని అర్థం. మూడూ హై అవ్వాలి కదా, అవ్వదు. నె↑హొవె అంటారు, చేపలో ఉన్న రెండు హైలూ పోయాయి. సరే, పక్కపక్కన రెండు హైలు పడక రెండోది పోయిందనుకుందాం, మరి మూడోది ఎందుకు పోయింది? మ్బు↑న్దు↑జి↑ అని పంటని తినే పురుగుల పేరుంది, మూడూ హై, దానికి నె↑ చేరిస్తే మూడూ ఒకేసారి పడిపోతాయి, నె↑మ్బున్దుజి. దీనికి సమాధానం ఏంటంటే అవి మూడు హైలు కాదు, మూడు అక్షరాల మీద పరుచుకుని కూర్చున్న ఒక్కటే హై. ఒక్కటే కాబట్టి తీసేస్తే మొత్తం పోయింది. హై పక్కన హై వస్తే రెండోది పోవడాన్ని మేసెన్ రూల్ అంటారు, బంటూ వ్యాకరణం మీద చాలా పని చేసిన బెల్జియం పండితుడి పేరు మీద. ఈ రూల్ చాలా బంటూ భాషల్లో ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది. కాబట్టి ఒక పదంలో హై ఉందని రాసుకున్నారు, వాక్యంలో పెడితే లేదు, అప్పుడు మీ చెవిని తిట్టుకోకండి, ముందు అక్షరం మీద ఇంకో హై ఉందేమో చూడండి.

కాలాలు కూడా టోన్‌తోనే మారతాయి. చిచేవాలో, మలావీ భాష, న్దిమగుల అని రాస్తారు. మొదటి అక్షరం పైకెత్తి చెప్తే నేను ఎప్పుడూ కొంటుంటాను అని, ఎత్తకుండా చెప్తే అప్పట్లో కొంటుండేవాణ్ణి అని. కాగితం మీద రెండూ ఒకటే. సంతలో బేరం ఆడేటప్పుడు ఈ తేడా చిన్నదేం కాదు. అందుకే క్రియల్ని డిక్షనరీ రూపంలో నేర్చుకోవద్దు, ఒక్కో కాలానికి ఒక రాగం ఉంటుందనుకుని, ఆ రాగాన్నే వేరుగా నేర్చుకోండి, క్రియ ఏదైనా దాంట్లో కూర్చుంటుంది.

హై అంటే ఎంత హై అని కొలవొద్దు. వాక్యం నడిచేకొద్దీ గొంతు మెట్లు దిగుతుంది. హై, లో, హై, లో అని వరసగా వస్తే రెండో హై మొదటిదానికంటే కింద, మూడోది ఇంకా కింద, అలా దిగి దిగి పొడుగు వాక్యంలో ఆఖరి హై మొదట్లో ఉన్న లో కంటే కిందకి పోయినా పోవచ్చు. ప్రాట్‌లో హెర్ట్జ్ అంకెలు చూసి ఇది 140, అది 150, కాబట్టి ఇది లో అని తేల్చేస్తే మొత్తం తారుమారైపోద్ది. పక్కదాంతోనే పోల్చాలి. కొన్ని భాషల్లో ప్రశ్న అడిగేటప్పుడు ఈ దిగుడు తగ్గుతుంది, ప్రశ్న అని అలాగే తెలుస్తుంది, మన చివరి లాగుడు అక్కడ పెట్టకండి, పెడితే ఆఖరి అక్షరానికి లేని హై తగిలించినట్టవుతుంది. సిక్కోలు వాళ్లకి ఈ అలవాటు మానడం అన్నిటికంటే కష్టం, నన్నడిగితే.

డప్పుతో మాట్లాడతారని వినుంటారు. కాంగో నది ఒడ్డున కిసంగానీ దగ్గర లొకెలె జనం దుంగని తొలిచి చేసిన డోలు మీద రెండు శ్రుతులు వాయిస్తారు, ఒకటి హై, ఒకటి లో, భాషలో ఉన్న రెండు మెట్లూ డోలు మీదకి దిగిపోతాయి. జాన్ క్యారింగ్టన్ అని ఒక ఇంగ్లీషు మిషనరీ అక్కడే ఉండి వాయించడం నేర్చుకుని దాని గుట్టు రాసిపెట్టాడు. ఆయన చెప్పిన ఉదాహరణ ఒకటుంది, అలంబక బొయిలి, ఒక టోన్‌తో నది ఒడ్డుని చూస్తూ ఉన్నాడు అని, ఇంకో టోన్‌తో అత్తగారిని ఉడకబెట్టాడు అని! డోలుకి అక్షరాలు లేవు కాబట్టి ఒకే టోన్ ఉన్న మాటలు కలిసిపోతాయి, చంద్రుడికీ కోడికీ తేడా తెలియదు, అందుకని ఒక్క మాటకి బదులు "భూమి మీదకి చూసే చంద్రుడు", "కియోకియో అనే చిన్న కోడి" అని పొడుగ్గా వాయిస్తారు. మీకు ఇది ప్రాక్టీసుకి కూడా పనికొస్తుంది. నేర్చుకున్న వాక్యాన్ని బల్ల మీద పెన్నుతో వాయించండి, గాజు గ్లాసు హై, బల్ల లో. నోటితో అనలేని వాక్యాన్ని కూడా ఇలగ వాయించగలిగితే టోన్ బుర్రలోకెక్కినట్టే. ఇంట్లోవాళ్లు ఏటా గోల అంటే అననీండి.

జులు, దాని చుట్టాలైన సోసా, స్వాతి భాషలు మాత్రం మొదటే మొదలెట్టొద్దు. అక్కడ కొన్ని హల్లులు గొంతుని కిందకి లాగేస్తాయి. జ, వ లాంటి మోగే ఊష్మాలు, ఇంగ్లీషు అక్షరాల్లో బిహెచ్ అని రాసే బ, ఇలాంటివి ముందుంటే హై ఉన్న అచ్చు కూడా కింద నుంచి మొదలై పైకెక్కుతుంది, లేకపోతే ఆ హై పక్క అక్షరానికి గెంతేస్తుంది. మన దేశంలో పంజాబీ వాళ్లది దీనికి చుట్టరికమే అనుకోవచ్చు, ఘ, ధ, భ అన్న హల్లుల ఊపిరి పోయి ఆ స్థానంలో టోన్ మిగిలింది అక్కడ. కాబట్టి జులులో గీత వంకర్లు తిరిగితే ముందు హల్లు ఏదో చూడండి, తర్వాతే టోన్ గురించి ఆలోచించండి.

మాట్లాడే మనిషి దొరకడం ముఖ్యం, భాష ఏదన్నది తర్వాత. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండి సవరలతో కూర్చుని వింటూ రాసుకుంటూనే ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు, టోన్ లేని భాష అయినా పని పద్ధతి అదే. లింగాల మాట్లాడేవాళ్లు దొరికితే దాంతో మొదలెట్టండి, టోన్ పెద్దగా గెంతులెయ్యదు, రాసుకున్న చోటే చాలాసార్లు వినిపిస్తుంది. తర్వాత షోనా గాని చిచేవా గాని. మొదటి రోజు కొకొమ, కొకొ↑మ రెండూ ఒకే ఫ్రేమ్‌లో పెట్టి, మీ ఫ్రెండ్‌తో వరస మార్చి మార్చి చెప్పించి, ఏది రాయడం ఏది చేరుకోవడం మీరు చెప్పండి. తర్వాత మీరు చెప్పి ఆయన్ని చెప్పమనండి. రెండువైపులా తప్పు పోకుండా సాగితే అప్పుడు క్రియల పట్టికకి వెళ్లండి, అప్పటిదాకా కొత్త పదాలు వద్దు.